డిబేట్ పెట్టకూడని పీరియడ్లు

తొమ్మిదో తరగతి సోషల్ పీరియడ్. పాఠం తొందరగా అయిపోయింది, ఇంకా ఇరవై నిమిషాలుంది. మీరు బోర్డు మీద ‘రిజర్వేషన్లు కొనసాగాలా? తీసేయాలా?’ అని రాశారనుకోండి. కిటికీ వైపు వరసలు అనుకూలం, తలుపు వైపు వరసలు ప్రతికూలం అన్నారు. ఐదు నిమిషాల్లో తరగతి వేడెక్కుతుంది. ఎప్పుడూ నోరు విప్పని పిల్లాడు కూడా లేచి మాట్లాడతాడు. మీకు సంతోషంగానే ఉంటుంది.

సరిగ్గా అప్పుడు మూడో బెంచీ చివర కూర్చున్న అమ్మాయిని గమనించారా? హాస్టల్ నుంచి వస్తుంది. స్కాలర్‌షిప్ ఫారాలు నింపించిన రోజు ఆమె కులమేంటో తరగతంతా విన్నది. ‘మార్కులు రాకపోయినా సీట్లిచ్చేస్తారు’ అని ఎవరో అనగానే నాలుగు తలలు ఆమె వైపు తిరిగాయి. ఇప్పుడామె ఏం చెయ్యాలి? లేచి జవాబు చెబితే తన కులాన్ని తానే చాటుకున్నట్టు. ఊరుకుంటే ఒప్పుకున్నట్టు. మిగతావాళ్లకది ఇరవై నిమిషాల హుషారు. రేపటి నుంచి ఏప్రిల్ దాకా ఈ తరగతిలో తలెత్తుకుని ఎలా కూర్చోవాలన్నది ఆమె సమస్య.

మీ ఉద్దేశం మంచిదే. పిల్లలు ఆలోచించాలని, భయం లేకుండా మాట్లాడాలని కోరుకున్నారు. అలా కోరుకునే టీచర్ల కోసమే ఈ అధ్యాయం. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ ఒకే వాక్యంలో రెండు మాటలు చెప్పింది: పిల్లలకు భయం, ఆందోళన లేకుండా చూడాలి, తమ అభిప్రాయాలు స్వేచ్ఛగా చెప్పేందుకు సాయపడాలి. రెండోదాని కోసం మొదటిదాన్ని వదిలేస్తున్నామా అన్నదే మనం చూసుకోవలసింది.

డిబేట్ అంటే గెలుపోటములున్న ఆట. కాబట్టి బోర్డు మీద అంశం రాసే ముందు ఈ ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ ఆటలో ఓడిపోయేది ఒక వాదనా, ఒక పిల్లా? ‘పరీక్షల్లో కాలిక్యులేటర్ వాడనివ్వాలా’ అన్నదాంట్లో ఓడేది వాదన. ఓడిన జట్టు ఇంటర్వెల్‌లో నవ్వుతూ బయటికెళ్తుంది. రిజర్వేషన్ల మీద ఓడేది పిల్ల. రెండో రకం అంశమైతే డిబేట్ వద్దు. పాఠం మానేయమనడం లేదు. ఆ పాఠం చెప్పడానికి డిబేట్ తగిన పద్ధతి కాదంటున్నాను.

1. బెంచీల మీద ఎవరున్నారో ముందు చూడండి

మిగతావన్నీ మర్చిపోయినా ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. ఒక అంశం సున్నితమైనదా కాదా అన్నది ఆ అంశాన్ని బట్టే తేలదు, మీ తరగతిలో ఎవరున్నారన్నదాన్ని బట్టి తేలుతుంది.

ఎస్సీ వర్గీకరణ సంగతే తీసుకోండి. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరా ఉద్యమం మూడు దశాబ్దాలు నడిచింది. 2004లో సుప్రీంకోర్టు వర్గీకరణ చట్టాన్ని కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం వర్గీకరణ చేయవచ్చని తీర్పిచ్చింది. 2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ అమల్లోకి తెచ్చాయి. సోషల్ టీచరుకి ఇంతకన్నా మంచి పాఠం ఏముంటుంది? ఉద్యమం ఉంది, కోర్టు ఉంది, శాసనసభ ఉంది, అన్నీ మన నేల మీదే జరిగాయి. అయితే మీ తరగతిలో మాల పిల్లలు, మాదిగ పిల్లలు ఒకే బెంచీలో కూర్చుని ఒకే టిఫిన్ పంచుకుంటుంటే, వాళ్ల మధ్య ‘వర్గీకరణ న్యాయమా, అన్యాయమా’ అని గీత గీస్తారా? ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికే ఆ గీత గీసి ఉంటారు. బడిలో మళ్లీ గీయాల్సిన పని లేదు.

హిజాబ్ కూడా అంతే. 2022లో కర్ణాటక కాలేజీల్లో గొడవ జరిగినప్పుడు టీవీల్లో ఎన్ని డిబేట్లు నడిచాయో మీకు తెలుసు. ఆ ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో రకం తీర్పు ఇచ్చారు. జడ్జీలే ఏకాభిప్రాయానికి రాలేదు కాబట్టి పిల్లలు మాట్లాడుకుంటే తప్పేంటని అనిపించవచ్చు. నలభై మందిలో ఒక్క అమ్మాయే స్కార్ఫ్ కట్టుకుని కూర్చుని ఉంటే? ముప్ఫై తొమ్మిది మంది ఆమె తల మీది గుడ్డ గురించి తీర్పు చెబుతారు. అదే అంశాన్ని లా కాలేజీలో, అన్ని రకాల విద్యార్థులూ ఉన్నచోట, రెండు తీర్పులూ చదివాక చర్చించడం వేరు.

ఎవరున్నారో తెలుసుకోవాలంటే రిజిస్టరు తిరగేస్తే చాలదు. ఎవరింట్లో తండ్రి తాగుడు మానలేదో, ఎవరి అక్క వేరే కులం అబ్బాయిని పెళ్లి చేసుకుని ఇల్లు వదిలిందో, ఏ పిల్లకి ఈ వేసవిలో పెళ్లి కుదిర్చారో రిజిస్టరులో ఉండదు. క్లాస్ టీచర్ని అడగండి. హాస్టల్ వార్డెన్‌ని అడగండి. మధ్యాహ్న భోజనం వండే అమ్మకు తెలిసినన్ని సంగతులు చాలాసార్లు హెచ్ఎంకి కూడా తెలియవు. తెలుసుకున్నది మీలోనే ఉంచుకోండి.

పనిలో పనిగా ఒక మాట. స్కాలర్‌షిప్ కోసమో, ఆన్‌లైన్ ఎంట్రీ కోసమో ‘ఎస్సీలు లేవండి, బీసీలు లేవండి’ అని తరగతిలో అరిచి లెక్కపెట్టే అలవాటు మీ బడిలో ఉంటే, ఈ వారమే మాన్పించండి. పిల్లలు కులాన్ని డిబేట్‌లోకి తెచ్చేది ఇలాంటిచోట నేర్చుకునే.

2. తేలిపోయిన విషయాన్ని మళ్లీ తూకానికి పెట్టకండి

‘బాల్యవివాహాలు: అనుకూల, ప్రతికూల వాదనలు.’ ‘అంటరానితనం పోవాలా, ఉండాలా?’ ‘వరకట్నం తప్పా, ఒప్పా?’ వక్తృత్వ పోటీలకు ఇలాంటి అంశాలు ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కొంచెం ఆలోచించండి. బాల్యవివాహానికి అనుకూలంగా మాట్లాడమని ఒక పిల్లకి చెప్పారంటే, దానికి అనుకూలంగా చెప్పదగ్గ మాట ఉందని మీరు ఒప్పుకున్నట్టే కదా? ఆ పిల్ల బాగా మాట్లాడి గెలిచిందనుకోండి. కప్పు ఇస్తారా?

అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం నిషేధించింది. వరకట్నాన్ని 1961 చట్టం నిషేధించింది. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండకుండా పెళ్లి చేయకూడదని 2006 చట్టం చెబుతోంది. ఇవి చట్టం తేల్చినవి. సైన్స్ తేల్చినవి వేరే ఉన్నాయి: జీవపరిణామం, టీకాలు, గ్రహణం రోజున గర్భిణి బయటికి వస్తే బిడ్డకు ఏమీ కాదన్న సంగతి. వీటిలో ‘మీరు ఏ పక్షం?’ అని అడిగితే తప్పుడు సమాచారానికి కూడా సగం బోర్డు ఇచ్చినట్టవుతుంది.

అయితే ఇక్కడే అసలైన చర్చకు దారుంది. ప్రశ్నని ‘అవునా, కాదా’ నుంచి ‘ఎందుకు, ఎలా’ వైపు తిప్పండి. వరకట్నం తప్పా అని అడగకండి. చట్టం వచ్చి అరవై ఏళ్లు దాటినా కట్నం ఎందుకు ఆగలేదు, ఎవరు ఇస్తున్నారు, ఎందుకిస్తున్నారు అని అడగండి. బాల్యవివాహం మంచిదా అనకండి. ఒక తండ్రి పదిహేనేళ్ల కూతురికి పెళ్లి తలపెట్టాడంటే ఏ భయంతో తలపెట్టాడు, ఆ భయాన్ని ఎవరు తీర్చగలరు అని అడగండి. పిల్లలు వాదించుకోవడం మాని ఆలోచించడం మొదలుపెడతారు. జట్లుగా విడదీయాల్సిన అవసరమే రాదు.

రిజర్వేషన్ల పాఠానికీ ఇదే దారి. 1951లో మద్రాసు రాష్ట్రపు సీట్ల కేటాయింపు ఉత్తర్వును చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేయడం, ఆ ఏడాదే మొదటి రాజ్యాంగ సవరణతో 15(4) రావడం, 2019లో 103వ సవరణతో ఆర్థికంగా బలహీనులకు 10 శాతం ఇవ్వడం, ఇవన్నీ వరసగా చెప్పండి. ఎప్పుడు, ఎవరికి, ఏ కారణం చూపి ఇచ్చారో పట్టిక రాయించండి. వాట్సాప్‌లో వచ్చిన సగం అబద్ధాలు ఆ పట్టిక దగ్గరే రాలిపోతాయి.

3. గాయం పచ్చిగా ఉన్నప్పుడు ఆగండి

ఊళ్లో రెండు వర్గాలు కొట్టుకున్నాయి. పక్క బడిలో పిల్ల చనిపోయింది. పరువు హత్య వార్త పేపర్లో పడింది, చంపినవాడి బంధువుల పిల్లాడు మీ తరగతిలోనే ఉన్నాడు. ఆ వారంలో దాని మీద డిబేట్ పెట్టకండి. పెద్దలు మాట్లాడుకోవడానికే ధైర్యం చాలని రోజుల్లో పిల్లల్ని నిలబెట్టి మాట్లాడించకూడదు.

ఆత్మహత్య విషయం మరీ జాగ్రత్త. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత వరసగా వచ్చిన వార్తలు ఏ టీచరూ మర్చిపోలేరు. ‘ఆత్మహత్య పిరికితనమా, ధైర్యమా?’ అన్న అంశం ఎప్పుడూ, ఏ తరగతిలోనూ వద్దు. మనసులో ఆ ఆలోచనతో ఉన్న పిల్లాడు అక్కడ కూర్చుని ఉండొచ్చు. ‘పిరికితనం’ అన్న మాట విని ఇంకా ముడుచుకుపోతాడు. ‘ధైర్యం’ అన్న మాట గురించి చెప్పనే అక్కర్లేదు. ఎలా చనిపోయారన్న వివరాలు తరగతిలో ఎవరూ చెప్పుకోకుండా చూడండి.

మరి ఆ రోజు ఏం చెయ్యాలి? పిల్లలు ఉదయం నుంచీ గుసగుసలాడుతుంటే ఏమీ జరగనట్టు లెక్కలు చెప్పడం కూడా సరికాదు. రెండు నిమిషాలు నిలబడి సూటిగా చెప్పండి: ‘మీరందరూ ఆ వార్త విన్నారు. నాకూ బాధగా ఉంది. ఇక్కడ దాని గురించి వాదించుకోవద్దు. ఎవరికైనా మనసు బరువుగా ఉంటే నా దగ్గరికి రండి, నేను స్టాఫ్ రూమ్‌లో ఉంటాను.’ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 బోర్డు పక్కన రాసి, చెరిపేయకుండా ఉంచండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ అడగరు.

4. మీ సొంత పక్షం దాచలేకపోతే ఆ అంశం ఎత్తుకోకండి

మీకు రాజకీయ అభిప్రాయాలు ఉండకూడదని ఎవరూ అనరు. మార్కులు మీ చేతిలో ఉన్నాయన్నదే చిక్కు. సార్ ఏ పార్టీ అన్నది పిల్లలకి మనకంటే ముందే తెలుస్తుంది. మీరు తటస్థంగానే నడుపుతున్నానని అనుకుంటారు, ఒక జట్టు మాట్లాడినప్పుడు తలూపుతారు, రెండో జట్టుకి ‘సరే సరే, కూర్చో’ అంటారు. తలూపుడు ఎటున్నదో పిల్లలు చూసి దాన్నే అప్పజెబుతారు. దాన్ని చర్చ అనలేం.

రాష్ట్ర విభజన రోజుల్లో హైదరాబాద్ బడుల్లో చదువుకున్నవాళ్లని అడిగి చూడండి. ఇటువాళ్లూ అటువాళ్లూ కలిసి కూర్చున్న తరగతుల్లో మాస్టారి ఒక్క ఎకసెక్కపు మాట ఎంతకాలం గుర్తుండిపోతుందో వాళ్లే చెబుతారు. అమరావతి, మూడు రాజధానుల గొడవ నడిచినప్పుడు గుంటూరు, విశాఖ, కర్నూలు పిల్లలు కలిసి చదివే రెసిడెన్షియల్ కాలేజీల్లోనూ ఇదే సంకటం.

జర్మనీలో 1976లో బాయిటెల్స్‌బాఖ్ అనే ఊళ్లో పౌరశాస్త్రం చెప్పేవాళ్లు కలిసి కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చారు. టీచరు తన అభిప్రాయాన్ని విద్యార్థి నెత్తిన రుద్దకూడదు. సమాజంలో వివాదంగా ఉన్నది తరగతిలోనూ వివాదంగానే కనబడాలి. విద్యార్థి తన పరిస్థితిని తాను విశ్లేషించుకోగలగాలి. హిట్లర్ కాలంలో బడులు ఎలా పనిచేశాయో చూసిన దేశం అది. మొదటి నియమాన్ని ఎందుకు మొదట పెట్టుకున్నారో అర్థం చేసుకోవడం కష్టం కాదు.

మీరు ప్రభుత్వ టీచరైతే 1964 ప్రవర్తనా నియమావళి కూడా ఉంది. రాజకీయ పార్టీల కార్యకలాపాల్లో పాల్గొనకూడదు. ఎన్నికల కోడ్ నడుస్తున్న రోజుల్లో ‘ఎవరు గెలవాలి’ అన్న డిబేట్ పెడితే పిల్లలకూ మేలు జరగదు, మీకూ మెమో వస్తుంది. ఓటు ఎలా వేస్తారు, వీవీప్యాట్ ఎందుకు పెట్టారు, నోటా అంటే ఏమిటి, ఇవి చెప్పండి. మాక్ పోలింగ్ పెట్టండి, పార్టీల బదులు పండ్ల పేర్లు పెట్టి.

5. టైము లేకపోతే మొదలుపెట్టకండి

గంట కొట్టేలోపు ముగించలేని గొడవ మెట్ల దగ్గర, బస్టాపులో, సాయంత్రానికి గ్రూపుల్లో కొనసాగుతుంది. ఎవరైనా ఫోన్‌లో తీశారంటే ఊరంతా చూస్తుంది.

మంచి టీచర్లే చేసే తప్పులు

ప్రతినిధిని చేయడం. ‘నువ్వు చెప్పమ్మా, మీ ఇళ్లలో ఎలా అనుకుంటారు?’ అని ముస్లిం పిల్లనో, తండా నుంచి వచ్చిన పిల్లాడినో లేపడం. గౌరవించాననే మీరనుకుంటారు. పద్నాలుగేళ్ల పిల్ల ఒక మతం మొత్తానికి జవాబుదారీ ఎలా అవుతుంది? తనంతట తాను చెయ్యెత్తితే వినండి, లేపకండి.

అనుభవం చెప్పమనడం. ‘మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?’ అని అందరి ముందూ అడిగితే, ఒక్కోసారి నిజంగానే చెబుతారు. ఇంట్లోనో, ట్యూషన్‌లోనో ఎవరో తనతో తప్పుగా ప్రవర్తించారని ఒక పిల్ల చర్చ మధ్యలో అనేసిందనుకోండి. ఆ క్షణంలో మీ పని మారిపోతుంది. మెల్లగా మాట మార్చి తరగతికి వేరే పని ఇవ్వండి. తర్వాత విడిగా, ఒక మేడం సమక్షంలో వినండి. గుచ్చిగుచ్చి అడగకండి. ‘ఎవరికీ చెప్పను’ అని మాటివ్వకండి, ఎందుకంటే చెప్పాలి: 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం మీ బాధ్యత, దాచితే శిక్ష ఉంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. ఆ పిల్ల పేరు స్టాఫ్ రూమ్‌లో కూడా బయటపెట్టకండి.

చివర్లో చేతులెత్తించడం. ‘ఇప్పుడు చెప్పండి, ఎంతమంది అనుకూలం?’ సమానత్వం గురించి ముప్ఫై రెండు - ఎనిమిది అని బోర్డు మీద పడితే ఆ ఎనిమిది మందికి ఏం నేర్పినట్టు?

గొడవ చల్లార్చబోయి ‘మనమంతా ఒక్కటే, కులం గిలం లేదు’ అనడం. ఊరి చివరి కాలనీ నుంచి నడిచొచ్చే పిల్లకి కులం ఉందని రోజూ తెలుస్తూనే ఉంది. లేదని మీరంటే, మీకు చెప్పుకున్నా లాభం లేదని ఆమెకు అర్థమవుతుంది.

ఇంకో తప్పు, అన్నిటికన్నా పెద్దది: ఈ అధ్యాయం చదివి కులం, మతం, ఆడపిల్లల ఆరోగ్యం గురించి పూర్తిగా నోరు మూసేసుకోవడం. నెలసరి పాఠం వస్తే ‘ఇంటి దగ్గర చదువుకోండి’ అని పేజీ తిప్పేసే బడులు ఎన్ని లేవు? అది డిబేట్ అంశం కాదు, పాఠం. పాఠంగానే, బొమ్మ గీసి, మామూలు గొంతుతో, అబ్బాయిలు కూడా ఉండగానే చెప్పాలి. అంబేడ్కర్ చిన్నప్పుడు రైలు దిగి ఎడ్లబండి కోసం పడ్డ పాట్లు ఆరో తరగతి పాత పుస్తకంలో ఎన్సీఈఆర్టీ పెట్టిందంటే, పదకొండేళ్ల పిల్లలకి వివక్ష గురించి చెప్పొచ్చనే కదా అర్థం?

మరి ఎలా చెప్పాలి?

చదివించండి. ఒక ఆత్మకథలో రెండు పేజీలు, ఒక తీర్పులో ఒక పేరా, ఒక పాత వార్త. దూరంగా ఉన్న మనిషి కథలో పిల్లలు తమ ఊరిని తామే గుర్తుపడతారు, ఎవరూ వేలెత్తి చూపక్కర్లేదు.

రాయించండి. పేరు లేని చీటీలు తీసుకోండి, ఇంటికెళ్లి చదవండి, తరగతికి చెప్పదగ్గ ప్రశ్నలే మర్నాడు తీసుకురండి. అన్ని చీటీలూ అక్కడికక్కడే చదివితే చేతిరాత గుర్తుపట్టేస్తారు. ఖాళీ చీటీ ఇచ్చే హక్కు కూడా పిల్లలకి ఉండాలి.

మీరు అంశం ఎత్తకపోయినా పిల్లలు ఎత్తుతారు. ‘సార్, వాళ్లు గోమాంసం తింటారంట కదా!’ అని ఒకడు అరుస్తాడు. అప్పుడు? కొట్టొద్దు, కసరొద్దు, నవ్వొద్దు. ‘నువ్వడిగింది తిండి గురించా, మనుషుల గురించా? తిండి గురించైతే ఈ దేశంలో ఎవరేం తింటారో ఒక పాఠమే చెప్పుకోవచ్చు. మనుషుల గురించైతే, ఈ గదిలో ఎవరినీ వాళ్లు, వీళ్లు అనుకోం’ అనండి. ఆ పాఠం నిజంగా చెప్పండి, ఆ వారంలోనే. చెబుతానని చెప్పకపోతే రెండోసారి ఎవరూ నమ్మరు.

ఇప్పటికే డిబేట్ మొదలుపెట్టేశారు, మధ్యలో దారి తప్పుతోందనిపిస్తే ఆపేయండి. ‘నేనిచ్చిన ప్రశ్నే సరిగా లేదు. దీన్ని వేరేలా చూద్దాం, పుస్తకాలు తీయండి’ అన్నారంటే మీ గౌరవం ఏమీ తగ్గదు. ఎవరో ఒక మాట జారి ఉంటే, ఆ మాట తప్పని అక్కడే, అందరూ వింటుండగా చెప్పండి. తర్వాత పిలిచి చెబుదాంలే అనుకుంటే, మాట పడ్డ పిల్లకి మీరు ఊరుకున్నట్టే కనబడుతుంది. మాటన్న పిల్లాడితో మాత్రం విడిగా మాట్లాడండి. వాడు ఆ మాటని ఎక్కడో విని తెచ్చాడు.

మర్నాడు మాట పడ్డ పిల్ల బడికొచ్చిందో లేదో హాజరు చూడండి. రాకపోతే ఫోన్ చేయండి. వస్తే అందరి ముందూ ఓదార్చకండి. చాక్‌పీసులు తెమ్మనో, నోట్సులు మోయమనో వంక పెట్టి స్టాఫ్ రూమ్‌కి పిలవండి. ‘నిన్న అలా జరగాల్సింది కాదమ్మా. బాధ్యత నాది, నీది కాదు. నీకేమైనా చెప్పాలనుందా?’ అని అడగండి. ఏమీ లేదంటే వదిలేయండి. సీటు మారతానంటే ఎందుకని అడక్కుండా మార్చండి. వారం తర్వాత మళ్లీ ఒకసారి అడగండి.